తన దారి తానెరుగుట

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో ఒకమారు నలువదిమంది బాలురను వెంటబెట్టుకొని సమీపమున నున్న యొక కొండకు విహారయాత్ర పోతిని. తిరిగి వచ్చునపుడు దారి తప్పితిమి. పొద్దు వాలుచుండెను. కట్టకడపట నడచుచున్న బాలుని పిలిచి, "నాయనా, ఇటేల వచ్చితివి?" అని యడిగితిని. వాడు తన ముందున్న వానిని చూపెను. అతడు తన ముందువానిని చూపెను. ఇట్లు వ్రేళ్లు వరుసగా సాగి సాగి తుదకు నావైపు తిరిగెను. నేను చూపుటకు నా ముందు ఒక మేకలబాట తప్ప మరేమియు లేదు. ఆ సాయంకాలము ఒక కాపరి మమ్ము ఊరు చేర్చెను. కాని, దారి తెలిసికొనవలెనన్న తలంపు ఆ బాలురలో ఒక్కనికిని కలుగకపోవుటయు, దానిని వారికి నేర్పవలసిన నాకే అది లేకపోవుటయు నన్ను చాలకాలము బాధించెను.

ఈ లోపమునకు మందు వంటి యాట యొకటి కలదని తరువాత తెలిసికొంటిని. దానిని ఓరియెంటీరింగ్ అందురు. పటమును, దిక్సూచిని చేతబట్టి, ఎరుగని యడవిలో ముందుగా నిర్ణయింపబడిన గురుతులను వరుసగా చేరుకొనుచు పరుగెత్తుటయే ఆ యాట. మన పాఠశాలల క్రీడలలో దీనికి తప్పక చోటు కల్పింపవలెనని నా యభిప్రాయము.

ఇది స్కాండినేవియా దేశములలో పుట్టినది. మొదట సైనికుల శిక్షణలో భాగమై యుండెను. సైనికులు కానివారికి తొలి పోటీ 1897వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నార్వేలో నేటి ఓస్లో నగర సమీపమున జరిగెను. 1919లో స్వీడను దేశస్థుడైన ఎర్నెస్టు కిలాండరు స్టాక్‌హోమ్ సమీపమున ఒక పెద్ద పోటీని నడపి దీనిని యువజనులకు ప్రియమైన క్రీడగా చేసెను. 1961లో అంతర్జాతీయ సమాఖ్య యేర్పడెను. 1966లో ఫిన్లండులో తొలి ప్రపంచపోటీలు జరిగెను. వ్యక్తిగతమైన పందెములును, రిలే పందెములును నాటినుండియే వానిలో నున్నవి.

ఈ యాటలో మొదట నేర్వవలసినది పటమును చదువుట. అందు గోధుమవన్నె గీతలు నేల యెత్తుపల్లములను చూపును. గీతలు దగ్గర దగ్గరగా నున్నచోట వాలు నిటారుగా నుండును. నీలము నీటిని, పసుపు బయలును తెలుపును. వన్నె వేయక తెల్లగా విడిచిన చోట చెట్లున్నను హాయిగా పరుగెత్తవచ్చును. పచ్చదనము ముదిరిన కొలదిని అడవి చొరరానిదగును. పదివేల వంతుకు కుదించిన పటముపై ఒక సెంటీమీటరు నేలపై నూరు మీటర్లు. పందెగాండ్రు చేరవలసిన ప్రతి తావునను నారింజ, తెలుపు వన్నెల గుడ్డగురుతు వ్రేలాడుచుండును. దానికొక సంఖ్య యుండును. ఆ తావునకు వచ్చినట్లు నిదర్శనముగా పూర్వము కాగితమునకు రంధ్రములు పొడుచుకొనెడివారు. ఇప్పుడు పెద్ద పోటీలలో వ్రేలికి తగిలించుకొన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరమే ఆ పని చేయుచున్నది. ఒక్క గురుతు విడిచినను, ఎంత వేగముగా పరుగెత్తినను, ఆ పరుగు లెక్కకు రాదు.

వ్యక్తిగత పందెములో సాధారణముగా ఒక్కొక్కరిని కొంత కొంత యెడముతో విడుతురు. బయలుదేరునప్పుడు గాని పటము చేతికీయరు. రెండు గురుతుల నడుమ కొండ యున్నదనుకొనుడు. దానినెక్కి దిగవలెనా? చుట్టి పోవలెనా? ఈ చిక్కును కాళ్లు విప్పజాలవు. బుద్ధియే విప్పవలెను, అదియు పరుగాపకుండ విప్పవలెను. దారి తప్పినవాడు చేయవలసినది మరియు కష్టము. తాను నిశ్చయముగా నెరిగిన కడపటి తావునకు మరలిపోయి, అచటినుండి మరల ఆరంభింపవలెను. "తప్పితిని" అని తొందరగా నొప్పుకొన్నవాడు కొంచెము కాలమే పోగొట్టుకొనును. ఒప్పుకొనక, కనబడిన బండనెల్ల పటములోని బండయే యని తన్ను తాను నమ్మించుకొనువాడు అడవిలో మిగిలిపోవును. ఈ పాఠమును నేను ముప్పది యేండ్లు నోటితో చెప్పితిని. ఈ యాట ఒక్క పూటలో కాళ్లచేత చెప్పించును.

రిలే పందెములో పరీక్ష మరియొక విధముగా నుండును. జట్టులన్నిటి తొలి పందెగాండ్రును ఒక్కసారిగా బయలుదేరుదురు. ముందు పోవువాడు చురుకైనవాడు. వాని వెంట బడిన చాలును కదా యని యెవనికైనను తోచును. అట్లు తోచునని యెరిగియే నిర్వాహకులు ఒక యుక్తి పన్నుదురు. కొన్ని గురుతులు ఒక్కొక్క పందెగానికి ఒక్కొక్క విధముగా నుండును. ఒక జట్టు వారందరి పరుగులను కూడినచో దారి అందరికిని సమానమే యగును గాని, ఏ పరుగున ఏ గురుతు వచ్చునో జట్టు జట్టునకు మారును. ముందువాని వీపునే చూచుచు పోయినవాడు వాని గురుతును చేరుకొనును గాని తన గురుతును చేరడు. వాని యజాగ్రత్త వలన తక్కినవారి శ్రమయు వ్యర్థమగును. ఫిన్లండులో 1949 నుండి జరుగుచున్న యూకొలా పందెములో జట్టునకు ఏడుగురు. అలెక్సిస్ కివి 1870లో వ్రాసిన నవలలోని ఏడుగురు అన్నదమ్ముల యింటిపేరే ఆ పందెమునకు పెట్టిరి. జూను మాసమున రాత్రి పదునొకండు గంటలకు వందలకొలది పందెగాండ్రు తలలకు దీపములు కట్టుకొని ఒక్కసారిగా అడవిలో జొత్తురు. ఆ దీపముల వరుసను విడిచి, తన పటము చెప్పినదని ఒంటరిగా చీకటిలోనికి మరలువానికి ఎంత నిబ్బరము కావలెనో యోచింపుడు.

"ఇతరులను చూడకుము, నీ పటమునే నమ్ముకొనుము అని నేర్పినచో పిల్లలు స్వార్థపరులు కారా?" యని యొక మిత్రుడు నన్నడిగెను. అది తోసివేయదగిన ప్రశ్న గాదు. దానికి ఒక నిజమైన వృత్తాంతమే నా సమాధానము.

తియెరీ జార్జియూ అను ఫ్రాన్సు దేశీయుడు వ్యక్తిగత పందెములలో పలుమారులు ప్రపంచవిజేత. రిలేలో మాత్రము అతనికి స్వర్ణపతకము చిక్కలేదు. 2008లో కడపటి పరుగున ముందు పోవుచుండగా ఒక తేనెటీగ నోటబడి గొంతున కుట్టెను. పందెము విడువవలసి వచ్చెను. 2009లో హంగరీలోని మిష్కోల్ట్స్ వద్ద మరల కడపటి పరుగు అతనిదే. అగ్రభాగమున నున్న స్వీడను పందెగాడు మార్టిన్ యొహాన్సన్ తొడలో ఒక కొమ్మ లోతుగా గ్రుచ్చుకొనెను. జార్జియూయు, నార్వేకు చెందిన ఆండర్స్ నూర్డ్‌బెర్గును, చెక్ దేశీయుడైన మిహాల్ స్మోలాయు పతకములను విడిచి ఆగిరి. ప్రత్యర్థియైన ఆ క్షతగాత్రునికి తోడ్పడిరి. స్వర్ణము స్విట్జర్లండునకు పోయెను. గాయపడినవాడు కోలుకొనెను. ఆ ముగ్గురును ఎవరి వెనుకనో నడచుటకు అలవాటుపడినవారు కారు. ఏది చేయవలెనో తామే తెలిసికొని, తడయక నిశ్చయించుకొనుట వారికి నిత్యాభ్యాసము. ఆ యభ్యాసమే ఆ నాడు ఒక మనుష్యునికి మేలు చేసినదని నేను నమ్ముచున్నాను. 2011లో తన దేశమునందే జరిగిన పోటీలలో జార్జియూ జట్టు రిలే స్వర్ణమును గెలిచెను. గెలువకపోయినను నా గౌరవము తగ్గియుండెడిది కాదు.

మన యడవులలో ముండ్లును పాములును ఉన్నవనియు, మంచి పటములు దొరకవనియు కొందరందురు. నిజమే. కాని ఈ యాటకు అడవియే యుండవలెనను నియమము లేదు. 2001 నుండి ప్రపంచపోటీలలోనే పట్టణవీధులలోను, ఉద్యానవనములలోను జరుగు పొట్టిపందెములు చేరినవి. మన కొక పాఠశాల యావరణ చాలును. పిల్లలే అడుగులు లెక్కించి బావిని, వేపచెట్టును, గోడ మలుపును పటముపై గుర్తింపవచ్చును. పది గుడ్డముక్కలు కట్టినచో పందెమునకు సర్వము సిద్ధము. భూగోళశాస్త్రపు పుటలలో చచ్చి పడియున్న గీతలు ఆ నాడు వారి కాళ్లక్రింద లేచి నిలుచును.

ఆ నలువదిమందితో మరల ఆ కొండకు పోగలిగినచో ప్రతివాని చేతిలో ఒక పటముంచి, నేను అందరికంటె వెనుక నడచెదను.