కొలతలో లేని కూలి

కోయిలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో శనగ కోత చాలావరకు ఆడవాళ్ళ పనిగానే ఉండేది. తెల్లవారుజామునే, మంచు ఆరకముందే చేలో దిగాలి. ఎండెక్కితే కాయలు రాలిపోతాయి. మంచులో తడిసిన మొక్కకేమో పులుసు ఎక్కువ. అది తగిలి చేతులు మండుతాయి, చర్మం పగులుతుంది. ఈ మధ్య అక్కడ నలుగురు కూలి స్త్రీలతో మాట్లాడుతుంటే, వాళ్ళలో పెద్దామె రెండు అరచేతులూ చాపి చూపించింది. "మిషను వచ్చినాక చేతులు బాగైనాయి మేడమ్. చేతిలో దుడ్డే లేకపాయె" అంది.

మిషనుతో కోసే శనగ గురించి నేను చదివినవాటిలో ఆమె మొదటి మాట తరచుగా కనిపిస్తుంది. స్త్రీల శ్రమ తగ్గిందని, చర్మ బాధలు తప్పాయని రాస్తారు. రెండో మాట నాకు కనిపించలేదు. ఎవరో దాచారని నేననను. దాన్ని రాసుకోవడానికి ప్రయోగంలో గడి లేదు.

ఈ నేలకు శనగ కొత్త కాదు. పాత అన్నిగేరి రకం స్థానంలో జేజీ-11 వచ్చి కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో విపరీతంగా వ్యాపించింది. అయితే ఆ మొక్క పొట్టిది, కాయలు నేలకు దగ్గరగా కాస్తాయి. కోతమిషను వాటిని అందుకోలేదు. అందుకే నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలు నిటారుగా ఎదిగి పైన కాసే ఎన్‌బీఈజీ-47 రకాన్ని తయారుచేశారు. గత దశాబ్దం మధ్యలో అది విడుదలైంది. విత్తనంగా అది మంచి పనే. ఆ శాస్త్రవేత్తల మీద నాకు ఫిర్యాదు లేదు. ఫలితాన్ని చదివే పద్ధతి మీద ఉంది. కోత ఖర్చు ఆదా అయింది అంటాం. ఆ ఖర్చు ఎవరి కూలి? భూమి ఉన్నవాడి లెక్కలో ఆదా అయిన రూపాయి, భూమి లేని ఆడమనిషి లెక్కలో పోయిన రూపాయి. ప్రయోగం మొదటి పుస్తకం మాత్రమే తెరిచింది.

వ్యవసాయ ప్రయోగాలను ఎలా నడపాలో నేర్పినవాళ్ళలో ముఖ్యుడు ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్. కొత్త విత్తనం మంచి మడిలోనూ పాత విత్తనం చవిటి మడిలోనూ పడితే, గెలిచింది నేల అయినా విత్తనమే గెలిచిందనుకుంటాం. కాబట్టి ఏ మడికి ఏ విత్తనమో చీట్లు వేసి తేల్చాలి, ఒకే పరీక్షను పలు మళ్ళలో చెయ్యాలి అన్నాడు. 1935లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక స్త్రీ ప్రస్తావన ఉంది. కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో రుచి చూసి చెప్పగలనంటుంది ఆమె. అక్కడే పనిచేసిన శాస్త్రవేత్త మ్యూరియల్ బ్రిస్టల్ ఆమేనంటారు. ఎనిమిది కప్పులు, నాలుగు అలా, నాలుగు ఇలా, వరుస కలిపేసి ఇవ్వాలి. గుడ్డిగా చెప్తే అన్నీ సరిపోయే అవకాశం డెబ్బైలో ఒక్కటి. ఈ కథలో నాకు నచ్చేది లెక్క ఒక్కటే కాదు. ఒక ఆడమనిషి తన అనుభవంతో చెప్పిన మాటను నవ్వి కొట్టిపారెయ్యకుండా, దాన్నే ప్రశ్నగా తీసుకుని పరీక్షను కట్టారు. మన కూలి స్త్రీల మాటకు ఆ పాటి మర్యాద ఎందుకు దక్కదు?

చేలో గడి లేకపోతే కూలి లెక్కకు రాదు. మందుల విషయంలో గడి లేకపోతే ప్రాణమే లెక్కకు రాదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వాళ్ళలో గిరిజన హాస్టళ్ళ పిల్లలు చాలామంది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టిన అంగీకార పత్రాలు బయటపడ్డాయి. ఇక్కడా, ఇదే పథకం నడిచిన గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010లో పథకాన్ని ఆపారు. మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. అది నిజమే కావచ్చు. కానీ టీకా తర్వాత పిల్లలకేమైందో వెంటపడి చూసి నమోదుచేసే ఏర్పాటే సరిగా లేదని 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తప్పుపట్టింది. వెతకడానికి ఏర్పాటు చేసుకోకుండా, ఏమీ కనిపించలేదని చెప్పడం ఫలితం అనిపించుకోదు.

ఈ తప్పుకు నేనూ అతీతురాలిని కాను. పరిశోధక విద్యార్థిగా నేను తయారుచేసిన మొదటి ప్రశ్నావళిలో 'ఇంటి యజమాని' అనే గడి ఉంది. ఇంటి ఆడవాళ్ళు ఎన్నాళ్ళు పనికి పోయారో కూడా ఆ యజమానినే అడిగాను. వచ్చిన అంకెలను ఎంత శ్రద్ధగా విశ్లేషించానో! పక్కనే రొట్టె చేస్తున్న ఆమె ఒకసారి తలెత్తి, "నన్నడుగు, నేనే గదా పోయింది" అనేదాకా నాకు తట్టలేదు.

అందుకే కోయిలకుంట్లలో విన్న నలుగురి మాటలతోనే అంతా రుజువైందని నేననను. కూలి తగ్గింది మిషను వల్లనా, వాన లేకనా, పంట మారా? తేల్చాలంటే మిషను ముందు వచ్చిన ఊళ్ళనూ ఇంకా రాని ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కో ఆడమనిషికి కోతకాలంలో ఎన్ని పనిదినాలు దొరికాయో మిషనుకు ముందూ తర్వాతా ఆమెనే అడిగి రాయాలి. భూమి ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ, కులాలనూ, వయసులనూ కలిపి సగటు తియ్యకుండా విడివిడిగా చూడాలి. చేతుల పగుళ్ళూ రాయాలి, చేతిలోని డబ్బూ రాయాలి.

మళ్ళీ పులుసులో చేతులు పెట్టమని స్త్రీలకు చెప్పే హక్కు మనకెవరికీ లేదు. మనం అడగవలసింది వేరు. ప్రభుత్వ డబ్బుతో నడిచే ప్రతి ప్రయోగంలో, ఏమి కొలవాలో నిర్ణయించే రోజునే కూలి స్త్రీలు కూర్చోవాలి. ఫలితాలు అచ్చుకు వెళ్ళకముందే తెలుగులో వాళ్ళకు చదివి వినిపించాలి. దిగుబడి గడి పక్కన పోయిన పనిదినాల గడి ఉండాలి. ఆ గడి నిండితేనే, పోయిన కూలికి బదులు ఏ పని చూపిస్తారని ప్రభుత్వాన్ని నిలదీయగలం.

వచ్చేటప్పుడు ఆ పెద్దామె అడిగింది: "ఇదంతా రాసుకుంటాండావు గదా, యాడ చెప్తావు?" ప్రస్తుతానికి ఇక్కడ చెప్తున్నాను.