యూదులు మన గడియారం ముల్లు కాదు

"ఇశ్రాయేలు దేవుని గడియారం." తెలుగు సువార్త సభలకి ఒక్కసారైనా వెళ్లినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. 1948లో అంజూరపు చెట్టు చిగురించింది, 1967లో యెరూషలేం చేతికొచ్చింది, ఇక మూడో దేవాలయం కట్టడమే తరువాయి, ఆ వెంటనే రాకడ. 2023 అక్టోబరు 7 తర్వాత యూట్యూబ్‌లో ఈ ప్రసంగాల జోరు ఇంకా పెరిగింది. గాజా మీద బాంబు పడితే చాలు, ఎవరో ఒక బోధకుడు మ్యాపు పక్కన నిలబడి ముల్లు ఇంకొంచెం కదిలిందంటాడు. వినేవాళ్లు ఆమెన్ అంటారు. గంట కొట్టాక ఆ గడియారం ఏమైపోతుందని మాత్రం ఎవరూ అడగరు.

అడుగుదాం. ఈ బోధలో వరస ఇది. ముందు సంఘం ఎత్తబడుతుంది. తర్వాత 7 ఏళ్ల శ్రమలు. క్రీస్తు విరోధి యూదులతో నిబంధన చేసుకుని సగంలో తెంచేస్తాడు. జెకర్యా 13వ అధ్యాయాన్ని వీళ్లు చదివే తీరులో, ఆ దేశంలో మూడింట రెండు వంతుల మంది చనిపోతారు. మిగిలినవాళ్లు యేసుని ఒప్పుకుంటారు. ఇవాళ ఇజ్రాయెల్‌లో ఉన్న యూదులు 70 లక్షలకి పైనే. వాళ్లలో మూడింట రెండు వంతులంటే 47 లక్షలకి తక్కువ కాదు. హిట్లర్ చేతిలో 60 లక్షల మందిని పోగొట్టుకున్న జాతికి ఇంకో సంహారం రాసిపెట్టి ఉందని నమ్ముతూ, ఆ రోజు తొందరగా రావాలని ప్రార్థిస్తూ, దానికి ఇశ్రాయేలు మీద ప్రేమ అని పేరు పెట్టుకుంటే ఎట్లా? బతికి బయటపడ్డవాళ్లు కూడా ఈ కథలో యూదులుగా మిగలరు. అదేం ప్రేమ?

ఇదంతా బైబిలంత పాతదని చాలామంది అనుకుంటారు. ఈ పట్టికని ఇట్లా వరస కట్టింది 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు, పేజీల అడుగున వ్యాఖ్యలు అచ్చేసి దాన్ని ఇంటింటికీ చేర్చింది. కథొలిక్కులు, లూథరన్లు ఈ పట్టికని తమ సిద్ధాంతంగా ఎన్నడూ తీసుకోలేదు. డార్బీ తిరిగిన బ్రదరెన్ వర్గం మనకి మరీ దూరపుదేం కాదు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఆ వర్గం నుంచే తెలుగు నేలకి వచ్చి, నరసాపురం వైపు గోదావరి డెల్టాలో మిషను పెట్టారు.

నదికి ఎగువన దుమ్ముగూడేనికి క్రైస్తవం ఇంకో దారిన వచ్చింది. గోదావరి మీద పడవల దారి కోసం అక్కడ ఆనకట్ట పనులు చేయించిన ఇంజనీరు హేగ్ పూనికతో, 1860ల మొదట్లో సి.ఎం.ఎస్. మిషను మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ల తరబడి కోయల మధ్య ఉండి వాళ్ల మాట నేర్చుకున్నాడు. ఆ శతాబ్దం ముగిసేలోపే సువార్త కోయ భాషలోకి వచ్చింది. అందులో దొరల పెత్తనం లేదని నేననను. కానీ ఆ పని చేయాలంటే ఎదుట ఉన్న మనిషి ఏమంటున్నాడో ముందు వినాలి. గడియారం బోధకి ఆ అవసరమే లేదు. యూదుడు ఏం నమ్ముతాడో, ఏం కోరుకుంటాడో తెలియకుండానే అతని చివరి రోజు దాకా చెప్పేస్తుంది.

ఒక జాతి బతుకు ఇంకొకరి ప్రణాళికలో ఒక దశగా మారితే ఎట్లా ఉంటుందో దుమ్ముగూడెం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలని పోలవరం కోసం ఆంధ్రలో కలిపారు. దుమ్ముగూడెం, చర్ల తెలంగాణలో ఉండిపోయాయి. చుట్టాలు గోదారి దిగువన మునక లెక్కల్లోకి వెళ్లిపోయారు. ఆ ప్రాజెక్టు కింద కదలాల్సిన కుటుంబాలు లక్ష, వాటిలో పెద్ద భాగం ఆదివాసులవే. ఆ ఫైళ్లలో కోయల మీద ద్వేషం ఎక్కడా కనబడదు. దేశ ప్రయోజనం కోసం వాళ్లు లేవాలి, అంతే. అంత్యదినాల పట్టికలో యూదుల మీద కూడా ద్వేషం కనబడదు. దేవుని ప్రయోజనం కోసం వాళ్లు చావాలి. కోయలకి కనీసం గ్రామసభ అనే హక్కు కాగితం మీదైనా ఉంది. ప్రవచనానికి గ్రామసభ లేదు.

ఈ బోధ యూదులతో ఆగదు, వినేవాళ్లనీ పట్టుకుంటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి చేరింది. వరదని అంత్యదినాల సూచన అనేస్తే ఇక కలెక్టరుని అడగడానికి ఏముంటుంది? కరకట్ట గురించి, గూడేల్లో పోయిన పంట గురించి ఎవరిని నిలదీస్తాం? 2023 అక్టోబరు 19న గాజాలో సెయింట్ పోర్ఫీరియస్ చర్చి ఆవరణ మీద బాంబు పడి, అక్కడ తలదాచుకున్న క్రైస్తవులు చనిపోయారు. వాళ్లకి పట్టికలో చోటు లేదు గనక మన సభల్లో వాళ్ల కోసం కన్నీళ్లూ లేవు.

యూదుల భవిష్యత్తు మీద ఇంత మక్కువ ఉన్నవాళ్లు గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం వెళ్లి రావొచ్చు. అక్కడ మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుంటాయి. వాళ్లకి నాయకత్వం వహించిన షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరులు. 1990ల మొదట్లో సినగాగు కట్టుకున్నారు, సబ్బాతు పాటిస్తారు, హెబ్రీ నేర్చుకుంటారు. యెగొరోవా, పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో వీళ్ల మీద ఒక పుస్తకమే రాశారు. ఆ వంశవృక్షం నిజమా అని చరిత్రకారులు సందేహించొచ్చు. నాకు ముఖ్యమనిపించేది వేరు. కులం పెట్టిన పేరుని కాదని, తాము ఎవరో, రేపు ఏం కావాలో వాళ్లే చెప్పుకుంటున్నారు. ఎవరి రాకడనో తొందరపెట్టడానికి మాత్రం కాదు.

"బైబిల్లో ఉంది కదా, కాదనడానికి నువ్వెవరు" అంటారు. బైబిల్లో రోమా పత్రిక 11వ అధ్యాయం కూడా ఉంది. అడవి ఒలీవ కొమ్మని తెచ్చి అంటు కట్టారు, అసలు కొమ్మల మీద నువ్వు అతిశయించొద్దు అని పౌలు అన్యజనుల్ని హెచ్చరించింది అక్కడే. ఇశ్రాయేలు రేపటిని ఆయన మర్మం అన్నాడు. ఆ మర్మానికి తేదీలేసి, శవాల లెక్క కట్టింది మనమే.

పాస్టర్లని ఒక్కటే అడుగుతున్నా. ఈసారి ఇశ్రాయేలు గురించి ప్రసంగించే ముందు, ఎదుటి బెంచీలో ఒక యూదు తల్లి తన పిల్లలతో కూర్చుందనుకోండి. ఆమె కళ్లలోకి చూసి చెప్పగలిగిందే చెప్పండి. చెప్పలేనిది ఏ గూడెంలోనూ చెప్పొద్దు.