చదువు – శ్రమ

విద్య అనగానే మన మనసులో మెదిలేవి పుస్తకం, కలం, పరీక్ష, ఉద్యోగం. పార, చీపురు, మగ్గం ఆ వరుసలో కనిపించవు. చదువుకున్నవాడు చేతికి మట్టి అంటకుండా బతకాలన్న భావన మన సమాజంలో వేళ్లూనుకొని ఉంది. ఎండకు ఎండి, వానకు తడిసి సేద్యం చేసిన తండ్రి, తాను పడిన కష్టం తన బిడ్డ పడకూడదని కోరుకోవడంలో తప్పులేదు. ఆ కోరికలో ప్రేమ ఉంది. కాని ఆ ప్రేమ చాటున మరొక అర్థం కూడా దాగి ఉంది. చదువు గౌరవప్రదమైనదనీ, శ్రమ తప్పించుకోవలసినదనీ చెప్పకనే చెప్పే అర్థమది. ఈ విభజన సరైనదేనా? చదువుకూ చేతిపనికీ నిజంగా వైరం ఉందా? ఈ ప్రశ్నకు అమెరికాలోని ఒక చిన్న కళాశాల తరతరాలుగా తన ఆచరణతో సమాధానం చెబుతున్నది. దాని పేరు బెరియా కళాశాల.

కెంటకీ రాష్ట్రంలో, అపలాచియన్ కొండల అంచున ఉన్న ఈ విద్యాసంస్థ 1855లో ఒకే గది ఉన్న బడిగా మొదలైంది. స్థాపకుడు జాన్ ఫీ. బానిసల యజమాని ఇంట పుట్టి, బానిసత్వాన్ని ఎదిరించి, ఆ కారణంగా తండ్రి ఆదరణను పోగొట్టుకున్న మతబోధకుడాయన. మానవులందరిదీ ఒకే రక్తమన్నది ఆయన విశ్వాసం. 1859లో బానిసత్వాన్ని సమర్థించే వారు సాయుధులై వచ్చి ఆయన అనుచరులను ఊరు విడిచి వెళ్లేటట్లు చేశారు. అంతర్యుద్ధం ముగిశాక వారు తిరిగి వచ్చారు. 1866–67 విద్యా సంవత్సరంలో ఆ బడిలో చదివిన 187 మందిలో 96 మంది నల్లజాతివారు, 91 మంది తెల్లజాతివారు. నిన్నటి దాకా బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న నేలపై ఈ రెండు జాతుల పిల్లలు ఒకే బల్లపై కూర్చోవడం సామాన్యమైన విషయం కాదు.

ఆ సాహసానికి మూల్యం చెల్లించక తప్పలేదు. రెండు జాతుల వారిని ఒకే సంస్థలో చదివించరాదని 1904లో కెంటకీ శాసనసభ చట్టం చేసింది. కళాశాల న్యాయస్థానానికి వెళ్లింది. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే సమర్థించింది. 1950లో చట్టాన్ని సడలించేదాకా బెరియా తలుపులు నల్లజాతి విద్యార్థులకు తెరుచుకోలేదు. ఆ తలుపులు మూతపడడానికి ముందు సంవత్సరమే, 1903లో, అక్కడ పట్టం పుచ్చుకున్నవాడు కార్టర్ వుడ్సన్. ఒకప్పుడు బానిసలుగా బతికిన తల్లిదండ్రుల బిడ్డ. బొగ్గుగనుల్లో పనిచేసి, ఇరవయ్యేళ్ల వయసులో ఉన్నత పాఠశాలలో అడుగుపెట్టినవాడు. ఆయనే 1912లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొంది, నల్లజాతి చరిత్ర రచనకు ఆద్యుడిగా నిలిచాడు.

బెరియా విద్యార్థి జీవితం మనకు వింతగా తోస్తుంది. 1892 నుండి ఈ కళాశాల ఎవరి వద్దా బోధన రుసుము తీసుకోవడం లేదు. ధనవంతుల పిల్లలకు కాక, ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల పిల్లలకే ప్రధానంగా ఇక్కడ చోటు. చదువుతో పాటు ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు పని చేయాలి. ఒకరు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతారు. ఒకరు మగ్గం మీద వస్త్రం నేస్తారు. మరొకరు చీపుర్లు కడతారు, పొలం చూస్తారు, గదులు శుభ్రం చేస్తారు. చేసిన పనికి వేతనం ఉంటుంది. పరీక్షలో మార్కుల వలెనే పనిలో నైపుణ్యానికీ మదింపు ఉంటుంది. పని నుండి మినహాయింపు పొందిన మేధావుల వర్గమంటూ అక్కడ లేదు.

అయితే ఇది వృత్తివిద్యా శిక్షణాలయం కాదు. అక్కడ ప్రధానంగా సాగేది ఉదార విద్య. ఒక్క శాస్త్రంలోనే మునిగిపోక సాహిత్యం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం, కళలు మొదలైన వాటితో పరిచయం పెంచుకొని, స్వతంత్రంగా ఆలోచించడం నేర్పే విద్య అది. కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థి కూడా చరిత్రను గురించి చర్చించవలసినదే. అధ్యాపకుడు చెప్పినది వల్లె వేయడం కన్న, ఎందుకని ప్రశ్నించడమే అక్కడ చదువుకు గుర్తు. ఉదయం ఆర్థికశాస్త్ర తరగతిలో శ్రమ విలువను గురించి విని, సాయంత్రం మగ్గం ముందు కూర్చున్న విద్యార్థికి ఆ పాఠం వేరే విధంగా అర్థమవుతుంది. ఒక గజం గుడ్డ వెనుక ఎన్ని గంటల ఓపిక ఉందో ఆ చేతులకు తెలుసు.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. పనికి వెచ్చించే కాలం చదువుకు తగ్గుతుంది కదా అని కొందరంటారు. నిజమే. అలసిన శరీరంతో రాత్రి పుస్తకం తెరవడం సులభం కాదు. కాని కాలం పరిమితమని తెలిసినవాడే దాని విలువను గుర్తిస్తాడు. మరొక ఆక్షేపణ ఇంకా బలమైనది. దాతల విరాళాలతో పోగుపడిన పెద్ద మూలధనం ఉన్నందువల్లనే బెరియా ఉచితంగా చదువు చెప్పగలుగుతున్నది. అటువంటి నిధి లేని సంస్థ ఆ పద్ధతిని యథాతథంగా అనుకరించలేదు. ఈ సత్యాన్ని అంగీకరించవలసిందే.

అంతకన్న లోతుగా ఆలోచించవలసిన విషయం మన దేశానికి సంబంధించినది. పనికి కులాన్ని అంటగట్టిన చరిత్ర మనది. ఊడ్చే పని ఒకరిదనీ, చదివే పని మరొకరిదనీ పుట్టుకతోనే నిర్ణయించిన సమాజంలో, విద్యాసంస్థ కొందరి చేతికి మాత్రమే చీపురు ఇస్తే అది శ్రమ గౌరవం కాదు, అవమానం. 1937లో వార్ధా సభలో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా మౌలిక విద్యను ప్రతిపాదించినప్పుడు, అనేకులు దానిని పల్లె పిల్లలకు కేటాయించిన రెండవ తరగతి చదువుగానే చూశారు. పట్టణాలలోని సంపన్నులు తమ పిల్లలకు దానిని కోరుకోలేదు. ఆ ప్రయత్నం నిలదొక్కుకోలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. బెరియా నుండి మనం నేర్వవలసిన పాఠం సరిగ్గా ఇక్కడే ఉంది. అక్కడ పనికన్న గొప్పది 'అందరూ' అన్న మాట. అందరూ చేసినప్పుడు ఏ పనీ తక్కువ కాదు. కొందరికే అప్పగించినప్పుడు ఎంత మంచి పని అయినా సంకెల అవుతుంది.

విద్యార్థులారా! మీలో చాలామంది ఇప్పుడు మార్కుల పరుగులో ఉన్నారు. ఆ పరుగును విడిచిపెట్టమని చెప్పడం సులభం, విడిచిపెట్టడం కష్టం. కాని ఒక్క పని మీ చేతిలోనే ఉంది. మీరు భోజనం చేసిన కంచం ఎవరు కడుగుతున్నారు? మీ తరగతి గదిని ఎవరు ఊడుస్తున్నారు? వారి పేరు మీకు తెలుసా? తెలియకపోతే, మీ చదువులో ఒక పాఠం మిగిలి ఉన్నట్లే. రేపు మీరు ఇంజనీరు కావచ్చు, వైద్యులు కావచ్చు, పాలనాధికారి కావచ్చు. ఇతరుల శ్రమను గురించి నిర్ణయాలు తీసుకునే స్థానంలో కూర్చుంటారు. ఆ శ్రమ బరువు ఏనాడూ మోయని చేతులు న్యాయంగా సంతకం చేయగలవా? కంచం కడగడం తెలిసిన చేతిలో కలం మరింత బాధ్యతతో కదులుతుంది.