ఏ ఆధారంతో చెబుతున్నారు, డాక్టరుగారూ?

డాక్టరును ప్రశ్నించడం మర్యాద కాదనే అభిప్రాయం మన సమాజంలో ఇంకా బలంగానే ఉంది. ఆ ప్రశ్న స్త్రీ నోటి నుంచి వస్తే మరీనూ. "అంత చదువుకున్న ఆయనకంటే నీకు ఎక్కువ తెలుసా?" అని ఇంట్లోవాళ్లే నోరు మూయిస్తారు. కానీ మందు మింగేది మనం, కత్తి కింద పడుకునేది మనం, ఆ తర్వాత నడుంనొప్పితో పొయ్యి ముందు నిలబడేదీ మనమే. అలాంటప్పుడు "దీనికి ఆధారమేమిటి?" అని అడగడం పొగరెలా అవుతుంది? అది హక్కు. అయితే ఏ హక్కయినా వాడుకోవడం తెలిస్తేనే మనది అవుతుంది. అడగడం ఎలా, వచ్చిన జవాబును తూచడం ఎలా అన్నది కూడా మనం నేర్చుకోవలసిన విషయమే.

నేను హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తాను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండరాళ్లే ఉన్న ఈ ప్రాంతంలో ఇప్పుడు ఆఫీసులతో పోటీపడుతూ పెద్ద ఆసుపత్రులూ లేచాయి. కంపెనీ మాకు ఇన్సూరెన్స్ ఇస్తుంది. ఏటా మార్చి రాగానే మహిళా దినోత్సవం పేరు మీద ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలు వస్తాయి. పోరాటాల జ్ఞాపకంగా జరుపుకోవలసిన రోజు రక్తపరీక్షల తగ్గింపు ధరల రోజుగా మారిపోయింది.

అలాంటి ఒక ప్యాకేజీలో నాకు సి.ఎ. 125 అనే పరీక్ష చేశారు. అండాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లలో తరచూ పెరిగే ఒక పదార్థాన్ని రక్తంలో కొలిచే పరీక్ష ఇది. 35 లోపు ఉండాలన్నారు, నాకు 48 వచ్చింది. నాకు ఏ బాధా లేదు, మా కుటుంబంలో ఆ జబ్బు ఎవరికీ లేదు, స్కానింగులోనూ ఏమీ కనిపించలేదు. అయినా "పిల్లలు పుట్టేశారు కదా, ఇన్సూరెన్సూ ఉంది, గర్భసంచీ అండాశయాలూ తీయించేసుకుంటే నిశ్చింత" అన్న సలహా వచ్చింది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటి మాట విన్న స్త్రీలు మా ఆఫీసులో ఒక్క అంతస్తులోనే నలుగురు తేలారు. నేను నెల గడువు అడిగి, దొరికిన అధ్యయనాలు చదివాను, మరో డాక్టరును కలిశాను. బహిష్టు సమయంలో రక్తం ఇవ్వడం వల్ల కూడా ఆ సంఖ్య పెరుగుతుందని, గడ్డలున్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా పెరుగుతుందని ఆవిడ చెప్పారు. మళ్లీ పరీక్షిస్తే 35 లోపే వచ్చింది.

నా ఒక్కదాని అనుభవం ఆధారం కాదు. ఆధారం వేరే ఉంది. అమెరికాలో 55 నుంచి 74 ఏళ్ల స్త్రీలు 78,216 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు సి.ఎ. 125, స్కానింగు చేస్తూ, రెండో గుంపుకు మామూలు వైద్యమే అందిస్తూ ఏళ్ల తరబడి గమనించారు. 2011లో ఫలితం ప్రకటించారు. పరీక్షలు చేసిన గుంపులో ఆ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లేమీ తగ్గలేదు. పైగా జబ్బు లేకపోయినా ఉన్నట్టు తేలినవాళ్లు 3,285 మంది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ చేశారు, అందులో 163 మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం కూడా 2021లో మరణాలు తగ్గలేదనే చెప్పింది. అంటే ఏ లక్షణాలూ లేని స్త్రీకి ఈ పరీక్ష చేస్తే మేలు జరుగుతుందని తేలలేదు, హాని మాత్రం తేలింది. పొట్ట ఉబ్బరం, నొప్పి తగ్గకుండా ఉన్నవాళ్ల సంగతి, కుటుంబంలో ఆ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పరీక్ష అవసరమే.

ఈ సంగతులు దాచిపెట్టినవేమీ కావు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్‌లో అధ్యయనాల సారాంశాలు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. 1993లో ఏర్పడిన కోక్రేన్ సంస్థ ఒక్కో వైద్యం మీద జరిగిన అధ్యయనాలన్నింటినీ పోగుచేసి, బేరీజు వేసి, మామూలు మాటల్లో సారాంశం ప్రకటిస్తుంది. మన దేశంలో మనుషుల మీద జరిగే మందుల ప్రయోగాలను ప్రభుత్వ రిజిస్టరులో ముందే నమోదు చేయాలని 2009 నుంచి నిబంధన ఉంది. ఆ రిజిస్టరునూ ఎవరైనా చూడవచ్చు.

దొరికినదాన్ని తూచడానికి కొన్ని ప్రశ్నలు చాలు. ఈ అధ్యయనంలో నాలాంటి స్త్రీలు, నా వయసువాళ్లు ఉన్నారా? దేనితో పోల్చి చూశారు? ఏం కొలిచారు: రక్తంలో ఒక సంఖ్యా, లేక ప్రాణం, నొప్పి, పని చేసుకోగల శక్తీనా? డబ్బు ఎవరు పెట్టారు? ఏమీ చేయకుండా వేచి చూస్తే ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్నే అసలైనది, ఎవరూ అడగనిదీ అదే.

శాతాల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. ముట్లుడిగిన స్త్రీలకు ఇచ్చే రెండు హార్మోన్ల మాత్రల మీద 16,608 మందితో అమెరికాలో జరిగిన ప్రయోగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని అప్పుడు చెప్పుకున్నారు. అదే సంగతిని ఇంకోలా చెప్పవచ్చు: ఏడాదికి పదివేలమంది స్త్రీలలో 30 మందికి వచ్చేది 38 మందికి వచ్చింది. రెండూ నిజమే. మొదటిది వింటే గుండె ఆగుతుంది, రెండోది వింటే ఆలోచించుకునే వీలుంటుంది. మందు అమ్మేవాళ్లు లాభాన్ని మొదటి పద్ధతిలో, నష్టాన్ని రెండో పద్ధతిలో చెప్పడం మామూలు. కాబట్టి ఎవరు శాతం చెప్పినా "ఎంతమందిలో ఎంతమందికి?" అని అడగాలి.

అధ్యయనాలన్నీ ఒకే బరువు తూగవు. గర్భసంచి తీయించుకున్న 29,380 మంది అమెరికా నర్సులను 24 ఏళ్లు గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్లు తగ్గినా, గుండెజబ్బులు, మొత్తం మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఇది చీటీలు వేసి విడదీసిన ప్రయోగం కాదు. రెండు గుంపుల మధ్య వేరే తేడాలూ ఉండి ఉండవచ్చు. అయినా "ఇక వాటితో పనేముంది, తీసేద్దాం" అనే డాక్టరు జవాబు చెప్పవలసిన ప్రశ్న మాత్రం అది లేవనెత్తింది.

సమాచారం ఇవ్వకుండా స్త్రీల శరీరాలతో వ్యవహరించడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1985లో ఇక్కడికి దగ్గరలోనే ఉన్న పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతుంటే, అది ప్రయోగమన్న సంగతి ఆ స్త్రీలకు చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. 1986లో ఢిల్లీలోని సహేలీ తదితరులతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2008లో మరో కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇంకా స్పష్టంగా ఉంది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన 44 ఏళ్ల స్త్రీకి, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు తల్లి అనుమతి చెల్లదనీ, పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదనీ కోర్టు చెప్పింది. మరి ఈనాటికీ ఎన్ని ఆసుపత్రులు కాగితం మీద ముందు భర్త సంతకం అడగడం లేదు?

ఆధారం అడగడమంటే ఆధునిక వైద్యాన్ని అనుమానించడమే అనుకోకూడదు. ఆధారం మన అనుమానాలను కూడా సరిదిద్దుతుంది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లతో సంతకాలు పెట్టించారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ అన్యాయం అన్యాయమే. కానీ 2020లో స్వీడన్‌లో పదహారు లక్షలమందికి పైగా బాలికలు, స్త్రీలను పరిశీలిస్తే, 17 ఏళ్లలోపు టీకా వేయించుకున్నవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తక్కువగా ఉంది. ఎలా వేశారన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ కలిపేస్తే నష్టపోయేది మన ఆడపిల్లలే.

"అరకొర జ్ఞానంతో వచ్చి మా టైము తింటారు" అని డాక్టర్లు విసుక్కుంటారు. వాళ్ల మీద ఉన్న ఒత్తిడి నాకు తెలియనిది కాదు. కానీ శాస్త్రీయ ఆధారాల వైద్యాన్ని ప్రచారం చేసిన డేవిడ్ శాకెట్, సహచరులు 1996లోనే రాశారు: అధ్యయనాల ఆధారం, డాక్టరు అనుభవం, రోగి ఇష్టాయిష్టాలు మూడూ కలిస్తేనే సరైన నిర్ణయమని. ఈ మూడోది డాక్టరుకు ఏ పుస్తకంలోనూ దొరకదు. ఎన్ని రోజులు సెలవు దొరుకుతుంది, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారా, ఎంత నొప్పి భరించగలను అన్నది మనం చెబితేనే తెలుస్తుంది. నిజానికి అడిగే రోగి ఉంటే, అనవసరంగా కత్తి పట్టనని చెప్పగల డాక్టరుకు బలం పెరుగుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. నేను చదవగలిగాను, ఇంగ్లీషు వచ్చు కాబట్టి. మా ఆఫీసు నేల తుడిచే కాంట్రాక్టు కార్మికురాలికి ఆ వీలు లేదు. ఒక్కరోజు మానేస్తే జీతం కోత. పదే పదే ఆసుపత్రికి తిరగలేక "ఒక్కసారిగా తీసేయించుకుంటే పీడా పోతుంది" అనుకుంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశం మొత్తంలో అది 21.5. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5. తెలుగు స్త్రీల శరీరాలు దేశంలోని మిగతా స్త్రీల శరీరాల కంటే అంత వేరుగా ఉన్నాయా? గోడ దాటగానే ప్రసవం అంత కష్టమైపోతుందా? తేడా మన ఒంట్లో లేదు, మనకు ఏం చెబుతున్నారు, ఎవరు లాభపడుతున్నారు అన్నదాంట్లో ఉంది.

అందుకే ఒక్కొక్కరం ఫోనులో వెతుక్కోవడంతో ఇది తీరదు. అత్యవసరం కాని ఏ ఆపరేషన్‌కైనా ముందు లాభం, నష్టం, వేరే మార్గాలు, వేచి చూస్తే ఏమవుతుందన్నది తెలుగులో, శాతాలలో కాక మనుషుల లెక్కలో, రాసి ఇవ్వాలని మనం డిమాండ్ చేయాలి. రిపోర్టుల నకళ్లు తీసుకోవడం, రెండో డాక్టరు సలహా తీసుకోవడం రోగుల హక్కులని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన పత్రం చెబుతోంది. దాన్ని ప్రతి ఆసుపత్రి గోడ మీదా తెలుగులో పెట్టించాలి. మార్చి నెల ప్యాకేజీలో ఏ పరీక్ష ఎందుకుందో కంపెనీలు జవాబు చెప్పాలి. చదవగలిగిన మనం కనీసం నెలకొకసారి కూర్చుని, ఒక్క అధ్యయనాన్ని తెలుగులో చెప్పుకోవాలి. ఆ కూర్చునే చోట సాఫ్ట్‌వేర్ ఉద్యోగినితో పాటు నేల తుడిచే ఆమెకూ కుర్చీ ఉండాలి. ఆమె సెలవు గురించి, కూలి గురించి అడిగే ప్రశ్నలకు ఏ అధ్యయనమూ జవాబు చెప్పకపోతే, అలాంటి అధ్యయనాలు జరగాలని అడగవలసింది కూడా మనమే.