సదరం: స్పెక్ ఒకటి, డెలివరీ ఇంకొకటి

మైలవరం బస్టాండులో ఎవర్నయినా ఆపి "సదరం అంటే ఏంటండీ?" అని అడిగి చూడండి. "శాతం వేసే క్యాంపు" అంటారు. పింఛనుకి కావాల్సిన కాగితం అంటారు. అదేదో పాత తెలుగు మాట అనుకునేవాళ్ళూ ఉన్నారు. కాదు మహాప్రభో! అది మనబోటివాళ్ళు కోడ్ రాసిన ఒక సాఫ్ట్‌వేర్ పేరు. సాఫ్ట్‌వేర్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ డిసేబుల్డ్ ఫర్ యాక్సెస్, రిహాబిలిటేషన్ అండ్ ఎంపవర్‌మెంట్. ఉమ్మడి రాష్ట్రంలో పుట్టింది. పేరులో ఎన్ని పెద్ద మాటలున్నాయో చూశారా? ప్రొడక్షన్‌లో నడిచేది మాత్రం అసెస్‌మెంటు ఒక్కటే. మిగతావన్నీ "ఫేజ్ టూ"లో చేద్దాం అన్నట్టు పేరులోనే మిగిలిపోయాయి. ఫేజ్ టూ ఎప్పుడొస్తుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు!

నేనిక్కడ మాట్లాడేది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ గురించి. 2016 చట్టం భాషలో మేధో వైకల్యం. ఊళ్ళో మర్యాదస్తులు "అమాయకుడు" అంటారు, మిగతావాళ్ళు ఏమంటారో మీకు తెలుసు. తారే జమీన్ పర్ సినిమాలో చూపించిన డిస్లెక్సియా వేరు, మానసిక జబ్బు వేరు, ఇది వేరు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వీళ్ళు 15 లక్షల మంది.

మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట 2022 ఏప్రిల్లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకి మారాయి. జిల్లా పేరు మారింది గానీ ఏదైనా పెద్ద పరీక్ష కావాలంటే ఇబ్రహీంపట్నం మీదుగా బెజవాడ వెళ్ళే బస్సెక్కడం మారలేదు. అరవయ్యేళ్ళ తల్లి, ముప్పయ్యేళ్ళ కొడుకుని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. కొత్త చోటు, జనం, అరుపులు చూసి వాడు బెదురుతాడు. అక్కడ ఐక్యూ చూసి ఒక శాతం వేస్తారు. 40 దాటితే పింఛను, 2024 జూలై నుంచి నెలకి 6000. ఒకసారి తేల్చిన శాతాన్ని మళ్ళీ తేల్చడానికి 2025లో మళ్ళీ పిలిచారు, తగ్గినవాళ్ళకి నోటీసులిచ్చారు. ఊళ్ళో రభస అంతా ఆ అంకె గురించే. దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యాల్సిందే, నేను కాదనను. కానీ అంత దూరం లాక్కొచ్చి ప్రభుత్వ డాక్టర్ల ముందు కూర్చోబెట్టిన మనిషి నోరు తెరిచి పళ్ళు చూడటానికి ఎంతసేపు పడుతుంది? చెవిలో గుబిలి చూడ్డానికి? థైరాయిడ్ పరీక్షకి కాస్త రక్తం తియ్యడానికి?

పళ్ళ సంగతి ఊరికే అనలేదు. మా వైపు ఒక కుర్రాడు ఉన్నట్టుండి తల గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టాడు. మాటలు రావు. ఓ ఆసుపత్రిలో చూపిస్తే "ఇలాంటివాళ్ళు అంతేనమ్మా, కాస్త నిద్ర పట్టేలా రాస్తాను" అన్నారట. రాశారు. వాడు రోజంతా మగతగా పడుండేవాడు, మెలకువ వస్తే మళ్ళీ గోడ. నెలలు గడిచాక దవడ వాచి పైకి కనిపిస్తే గానీ అది పుచ్చిపోయిన దంతమని ఎవరికీ తట్టలేదు. పన్ను పీకేశారు. తల కొట్టుకోవడం ఆగిపోయింది. మీకో నాకో పన్ను నొప్పొస్తే ఆ రాత్రే ఇల్లు పీకి పందిరేస్తాం.

ఇలా వచ్చిన ప్రతి బాధనీ పుట్టుకతో ఉన్న లోపం ఖాతాలో వేసెయ్యడం మన డాక్టర్ల ఒక్కళ్ళ జబ్బు కాదు, ప్రపంచమంతా ఉంది. డౌన్ సిండ్రోమ్‌నే తీసుకోండి. సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. థైరాయిడ్ మందగించడం మామూలు జనంలో కన్నా చాలా ఎక్కువ. మనిషి బద్ధకంగా, లావుగా, ఎప్పుడూ నిద్రమత్తులో ఉంటే "వాడి తీరే అంత" అనేస్తాం. రోజుకో మాత్రతో సరిపోయేదాన్ని! బుద్ధిమాంద్యంతో పాటు ఫిట్సు ఉన్నవాళ్ళూ ఎక్కువే. ఆ మందుల డోసు ఏళ్ళ తరబడి ఎవరూ తిరిగి చూడరు. అంతెందుకు, మలబద్ధకం ముదిరి ప్రాణం మీదకి వచ్చిన కేసులున్నాయి, చెప్పుకోలేకపోవడం వల్ల.

ఇంగ్లండులో ఈ చావుల మీద విచారణ చేసి 2013లో నివేదిక ఇచ్చారు. వీళ్ళలో మగవాళ్ళు మిగతా జనం కన్నా సగటున 13 ఏళ్ళు, ఆడవాళ్ళు 20 ఏళ్ళు ముందే పోతున్నారని తేలింది. అక్కడ 14 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష ఉంది. అక్కడేమీ స్వర్గం కాదు, పిలిచినా రానివాళ్ళు బోలెడు. కనీసం పిలుస్తారు. మన దగ్గర ఆ మనిషి పోతే పింఛను జాబితాలోంచి పేరు తీస్తారు. టికెట్ క్లోజ్డ్.

కాగితం మీద మనకీ అన్నీ ఉన్నాయండోయ్. 2016 చట్టం 25వ సెక్షన్ దగ్గర్లోనే ఉచిత వైద్యం, చూడ్డంలో ప్రాధాన్యం ఇవ్వాలంటోంది. నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వస్తుంది, చేరడానికి ముందు వైద్య పరీక్ష అక్కర్లేదు, వయసు పరిమితి లేదు. సదరం కాగితం చేతికిస్తూ దాంతోపాటే ఆ ఫారం ఇస్తే ఏం పోయింది? 2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకం 18 ఏళ్ళకి ఆగిపోతుంది. భవిత కేంద్రాలు బడి వయసు వరకే. ఆ తర్వాత ముప్పై, నలభై ఏళ్ళ జీవితం ఎవరి మాడ్యూల్లోనూ లేదు.

డాక్టర్లు ఎక్కడున్నారండీ అంటారు. నేను సైకియాట్రిస్టుని మండలానికొకర్ని పెట్టమనట్లేదు. పేరు, ఊరు, వైకల్యం రకం డేటాబేసులో ఉన్నాయి. పింఛను ఒకటో తారీఖున ఇంటికే వస్తోంది, అంటే అడ్రసు కరెక్టే! ఏఎన్ఎమ్‌లు బీపీ, షుగర్లకి ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు. ఏడాదికోసారి ఫలానా ఇంట్లో ఫలానా మనిషికి బరువు, పళ్ళు, చెవి, కళ్ళు, థైరాయిడ్, ఫిట్స్ మందులు చూడాలని ఒక జాబితా వాళ్ళ చేతికి రావాలి. అది ఒక క్వెరీ. మన ట్రైనీ మొదటి నెలలో రాసేస్తాడు. పింఛను కొయ్యడానికి పనికొచ్చిన డేటా పన్ను చూడ్డానికి ఎందుకు పనికిరాదు?

ఇక మన సంగతి. పుట్టినరోజుకి ఇలాంటి పిల్లల హోముకెళ్ళి కేకు కోసి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. (కేకు, కూల్‌డ్రింకు. పళ్ళ గురించి ఇందాకే మాట్లాడుకున్నాం.) అదే సమయంలో మన కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్సులో ఏముందో ఎవరం చూడం. చాలా చోట్ల భార్య, పిల్లలు, డబ్బులు కడితే అమ్మానాన్నలు. అంతే. మా టీములో ఒకతనికి బుద్ధిమాంద్యం ఉన్న అన్న ఉన్నాడు, తల్లిదండ్రులు పోయాక ఇతనే చూసుకుంటున్నాడు. ఆదాయపు పన్ను చట్టానికి ఆ అన్న డిపెండెంటే. హెచ్చార్‌కి కాదు. అడిగితే "మా సిస్టమ్‌లో ఆ రిలేషన్‌షిప్ లేదండీ" అని జవాబొచ్చింది. డ్రాప్‌డౌన్‌లో ఒక వాల్యూ లేదట! రోజూ పదిమంది క్లయింట్లకి డ్రాప్‌డౌన్లు మార్చిపెట్టే కంపెనీ అది. ఇద్దరం కలిసి మళ్ళీ మెయిల్ పెట్టాం, ఈసారి పదకొండు మంది సంతకాలతో. ఇన్సూరెన్సు రెన్యువల్ మార్చిలో ఉంది. మీ దగ్గర ఎప్పుడో, మీ పాలసీలో తోబుట్టువుకి చోటుందో లేదో ఆ కాగితం ఓసారి తీసి చూడండి.