ఎదిగే పిల్లలు - తరిగే ఊళ్లు

మానవ జీవితంలో కౌమారం ఒక సంధికాలం. బాల్యం వెనుకబడుతుంది, బాధ్యత ఇంకా భుజానికెక్కదు. ఈ దశను చిత్రించిన రచనలు ప్రపంచ సాహిత్యంలో ఎన్నో ఉన్నాయి. వాటిలో క్షీణిస్తున్న చిన్న పట్టణాలు నేపథ్యంగా వెలువడినవి విశేషంగా గమనింపదగినవి. అక్కడ పిల్లవాడు ఎదుగుతూ ఉంటాడు. ఊరు తరుగుతూ ఉంటుంది. ఈ రెండింటి నడుమ కలిగే సంఘర్షణే ఆ కథలకు ప్రాణం.

ఈ కథలను చాలామంది విముక్తి గాథలుగా చదువుతారు. తెలివిగలవాడు ఊరు విడిచి గెలిచాడనీ, తక్కినవారు అక్కడే ఉండి ఓడిపోయారనీ తీర్పు చెబుతారు. ఈ దృష్టి అసమగ్రమని నా అభిప్రాయం.

అమెరికా రచయిత హోమర్ హికమ్ 1998లో ప్రచురించిన ఆత్మకథ 'రాకెట్ బాయ్స్' ఇందుకు చక్కని ఉదాహరణ. పశ్చిమ వర్జీనియాలోని కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊరు ఆయన జన్మస్థలం. తండ్రి అక్కడి గనికి పర్యవేక్షకుడు. 1957 అక్టోబరులో సోవియట్ దేశం ప్రయోగించిన స్పుత్నిక్ ఆకాశంలో సాగిపోవడం చూసి, ఆ బాలుడు మిత్రులతో కలసి రాకెట్ల తయారీకి పూనుకొన్నాడు. 1960లో జాతీయ వైజ్ఞానిక ప్రదర్శనలో బహుమతి పొందాడు. అనంతరకాలంలో నాసాలో ఇంజనీరయ్యాడు.

ఇంతవరకే చూస్తే ఇది ఒక వ్యక్తి విజయం. అయితే ఆ రాకెట్లకు కావలసిన లోహభాగాలను మలచి ఇచ్చినవారెవరు? గని కర్మాగారంలోని కార్మికులు. ఇంధనంలో కలిపినది ఆ కొండల్లో కాచిన నాటుసారా. ప్రయోగస్థలం గని వ్యర్థాలు పోసిన బయలు. ఫ్రీడా రైలీ అనే ఉపాధ్యాయురాలు పిల్లలను ప్రోత్సహించి ముందుకు నడిపింది. ఆమె 1969లో వ్యాధిగ్రస్తురాలై చిన్న వయస్సులోనే మరణించింది. కోల్‌వుడ్ ఉన్న మెక్‌డొవెల్ కౌంటీ జనాభా 1950లో 98,887. 2020 నాటికి అది 19,111కు పడిపోయింది. క్షీణతకు లోనైన ఆ సీమయే ఒక బాలుని ఆకాశానికెత్తింది. ఊరిని వదిలిపోవడానికి కావలసిన బలాన్ని కూడా ఊరే ఇచ్చిందన్నమాట.

మరి ఉండిపోయినవారి మాట ఏమిటి? లారీ మెక్‌మర్ట్రీ 1966లో రచించిన 'ద లాస్ట్ పిక్చర్ షో' నవల వారివైపు చూపు మరల్చింది. 1971లో ఇది చలనచిత్రంగానూ వచ్చింది. టెక్సాస్‌లోని ఒక చిన్న పట్టణం, అందులో మూతపడనున్న ఒకే ఒక సినిమాహాలు, ఇద్దరు యువకులు. ఒకడు సైన్యంలో చేరి వెళ్లిపోతాడు, మరొకడు మిగిలిపోతాడు. మిగిలినవాడు అసమర్థుడని రచయిత ఎక్కడా చెప్పడు. పెద్దదిక్కును కోల్పోయిన ఊరిలో బ్రతకడం ఎంత కష్టమో మాత్రమే చూపుతాడు.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. తెలంగాణలో ఇల్లందు ప్రాంతాన 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు సగానికంటె తక్కువ. భూగర్భ గనులు మూతపడి, యంత్రాలతో సాగే ఓపెన్‌కాస్టు తవ్వకాలు పెరిగినకొద్దీ చేతిపనికి చోటు తగ్గింది. తండ్రి చేసిన కొలువు కొడుకుకు దక్కుతుందన్న భరోసా సడలింది. అక్కడి పిల్లల ఎదుటా అదే ప్రశ్న నిలిచింది: వెళ్లాలా, ఉండాలా?

ఊరు విడవరాదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పని లేనిచోట పిల్లలను కట్టిపడవేయడం మమకారం అనిపించుకోదు. వెళ్లడం ద్రోహం కాదు. ఉండడం ఓటమీ కాదు. అయితే వెళ్లినవారి ప్రతిభను మాత్రమే కీర్తించి, వారిని మోసిన చేతులను మరచే సమాజం కృతఘ్నమైనది. అంతేకాదు, అది తప్పుడు పాఠం నేర్పుతుంది. ప్రతిభ ఒంటరిగా పుడుతుందని నమ్మినవారు ఊళ్లోని బడినీ గ్రంథాలయాన్నీ నిలుపుకోవలసిన అవసరాన్ని గుర్తించరు.

కాబట్టి ఇటువంటి కథ చదివినప్పుడు నాయకుడు ఎంత దూరం వెళ్లాడని మాత్రమే అడిగి ఊరుకోరాదు. అతనిని బస్సెక్కించడానికి ఎవరెవరు వచ్చారో, బస్సు కదిలిన తరువాత వారు ఏ ఇళ్లకు తిరిగి వెళ్లారో కూడా అడగాలి.