నెల జీతమూ, ఓడిన జట్టూ

చర్లపల్లి పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలే వేళకు నిండిపోయే టీకొట్టు ఒకటుంది. అక్కడ సాధారణంగా చర్చ క్రికెట్టు మీదనే సాగుతుంది. ఉప్పల్ స్టేడియం దగ్గరే కదా! అయితే 2024 తొలి నెలల్లో కొన్నాళ్లు ఆ బల్లల మీద ఫుట్‌బాల్ రాజ్యమేలింది. రెండేళ్ల క్రితం విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇంత దారుణంగా ఎందుకు ఓడుతున్నదన్నదే అందరి ప్రశ్న.

ఎవరి సిద్ధాంతం వారిది. మానోలో మార్కెజ్ వంటి శిక్షకుణ్ణి పోగొట్టుకోవడమే మూలమని ఒకరన్నారు. ఒగ్బెచే లేని జట్టుకు గోలెవరు కొడతారని ఇంకొకరు. ఈ కుర్రవాళ్లకు పౌరుషం చాలదని మూడవవారి తీర్పు. రక్షణపంక్తి లోపాల గురించి నేనూ నాలుగు మాటలు చెప్పి, విశ్లేషించానన్న తృప్తితో టీ గ్లాసు అందుకున్నాను.

అంతవరకు మౌనంగా విన్న ఒక వృద్ధ కార్మికుడు, జీవితమంతా లేత్ మిషన్ ముందు నిలబడ్డ మనిషి, అడిగాడు: "వాళ్లకు జీతాలైతే పడుతున్నయా సార్? ఒకప్పుడు మాకు మూడు నెలలు జీతమియ్యలే. అప్పుడు మేం చేసిన ముక్కల్ల ఎన్ని పాసైనయో మీకు ఎర్కలేదు."

ఎవరమూ బదులు చెప్పలేకపోయాము. బకాయిల సంగతి మాకు తెలియనిది కాదు. ఆటగాళ్లకు వేతనాలు అందడం లేదని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం కూడా విధించింది. విదేశీ ఆటగాళ్లూ, పేరున్న మనవాళ్లూ ఒకరి తరువాత ఒకరు వెళ్లిపోయారు. అవన్నీ చదివి, 'అది ఆఫీసు గొడవ, ఆట వేరు' అని మేమే పక్కన పెట్టాము. ఆ సీజను ముగిసేసరికి 22 ఆటల్లో గెలుపు ఒకటి, ఓటములు 16, చేతికి వచ్చినవి 8 పాయింట్లు. అంతకుముందు ఏడాది ఇదే జట్టు 42 పాయింట్లతో పట్టికలో రెండవ స్థానంలో నిలిచింది. ఇంత పతనానికి పౌరుషం చాలకపోవడమే కారణమనడం ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

మన నగరపు పాత కీర్తిని తలచుకునేటప్పుడూ ఇదే పొరపాటు చేస్తాము. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది, 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం సాధించింది. ఆ జట్టులో మెరిసిన తులసీదాస్ బలరాం, మౌలాలికి అవతలనున్న అమ్ముగూడలో పుట్టినవాడు. అంటే మాకు ఇరుగుపొరుగే. ఆ తరం గురించి మాట్లాడేటప్పుడు ప్రతిభ అంటాము, క్రమశిక్షణ అంటాము, రహీం మేధ అంటాము. అన్నీ నిజమే. కాని ఆ జట్టు పేరులోనే ఉన్న 'పోలీస్' అన్న మాటను గమనించము. అది కొలువు. నెల తిరిగేసరికి ఇంటికి బియ్యం తెచ్చే కొలువు. ఆటగాడి మనసును ఆట మీద నిలిపినవాటిలో అదీ ఒకటి.

అయితే జీతమే సర్వస్వమా? కాదు. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడినప్పుడు, లీగు ముంగిట హడావుడిగా కూర్చిన జట్టు గనుక, ఆ ఏడు 18 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ తరువాత మార్కెజ్ వచ్చి ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులను ఓపికగా నిలబెట్టాడు. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో కట్టిమణి మూడింటిని ఆపి కప్పు తెచ్చిపెట్టాడు. జట్టు కుదరడానికి రెండు మూడేళ్లు పట్టింది, చెదరడానికి కొన్ని నెలలు చాలాయి. 2024లో యాజమాన్యం మారినా ఫలితం మారకపోవడానికి కారణమదే. కొత్తవారు కొన్నది ఖాళీ అయిన ఇంటిని. ఆ సీజనులో 13 జట్లలో 12వ స్థానం దక్కింది. 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

నన్ను బాధించే సంగతి మరొకటుంది. కప్పు గెలిచిన సీజనంతా కోవిడ్ కారణంగా గోవాలోనే జరిగింది. మన ఊరి జట్టు విజేత అయిన ఏడు మన ఊళ్లో ఒక్క ఆటా ఆడలేదు. తరువాత గచ్చిబౌలిలో ఆడినా, మా తూర్పు కొసనున్నవారికి మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లి, అక్కడినుంచి మరో బండి పట్టుకోవలసిన ప్రయాణం అది. నేను వెళ్లినది రెండే సార్లు. పుణె అభిమానులు తమ జట్టును పోగొట్టుకున్న 2019లో మనకు జట్టు వచ్చిందని సంబరపడ్డానే తప్ప, అక్కడివారి గురించి ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. అలా వచ్చిన జట్టు అలాగే పోగలదని అప్పుడే తోచి ఉండవలసింది.

జట్టు ఓడినప్పుడు కారణాలు వెదకడం అభిమానుల హక్కు. అయితే ఆ వెదుకులాట గోలుపోస్టు దగ్గర మొదలుకాకూడదని నా అభిప్రాయం. ఆటగాళ్లకు నెలనెలా వేతనం అందుతున్నదా, జట్టులో మన పిల్లలు ఎందరున్నారు, యజమాని చేతులెత్తేస్తే జట్టు ఎవరిది? ఈ మూడు ప్రశ్నల తరువాతనే కోచ్ వ్యూహాల చర్చ. గెలుస్తున్న రోజుల్లో ఈ ప్రశ్నలు అడిగి ఉంటే జట్టు మిగిలేదని చెప్పలేను. కనీసం ఆ కుర్రవాళ్లను పౌరుషం లేనివారని నిందించే తప్పు చేసేవాళ్లం కాము.

మొన్న ఆదివారం రైలు పట్టాలకు దగ్గరలో ఉన్న ఖాళీ స్థలంలో పిల్లలు బంతాడుతున్నారు. ఒకడి ఒంటిమీద వెలిసిపోయిన పసుపు చొక్కా. అది ఏ జట్టుదని అడిగాను. "మన హైదరాబాద్‌ది అంకుల్" అన్నాడు. ఆ జట్టు ఇప్పుడు లేదని వాడికి తెలుసో లేదో! చెప్పడానికి నాకు నోరు రాలేదు.